గుల్ల నీటిలోనే ఉంది రుచంతా

నేపుల్స్ ఇళ్లలో క్రిస్మస్ ముందురోజు రాత్రి స్పఘెట్టీ అల్లె వోంగొలె వండకపోతే పండగ వచ్చినట్టే ఉండదు. సముద్రపు గుల్లలు, వెల్లుల్లి, ఆలివ్ నూనె, పార్స్లీ ఆకు, స్పఘెట్టీ: సరుకు ఇంతే. ఇంత కొద్ది సరుకుతో ఇంత గొప్ప వంట ఇంకెక్కడైనా ఉందంటే నేను ఒప్పుకోను.

ఇప్పొలితో కవల్కాంతి 1830లలో రాసిన వంటల పుస్తకంలోనే దీన్ని ఎక్కించాడంటారు. స్పఘెట్టీ మాత్రం నేపుల్స్ దగ్గరి గ్రాన్యానో ఊరిది కావాలి. కంచు అచ్చులోంచి దిగి, నిదానంగా ఆరిన ఆ పోగు గరుగ్గా ఉండి రసాన్ని పట్టుకుంటుంది.

అసలు పనితనమంతా గుల్లల దగ్గరే ఉంది. లీటరు నీళ్లకు 35 గ్రాముల ఉప్పు కలిపితే సముద్రపు నీటి ఉప్పదనం వస్తుంది. అందులో కొన్ని గంటలు ఉంచితే కడుపులోని ఇసుక కక్కేస్తాయి. మంచినీళ్లలో నానబెడితే చస్తాయి. తర్వాత ఒక్కొక్కదాన్నీ చెక్క మీద తట్టి చూస్తారు. ప్రాణం పోయి బురద నిండిన చిప్ప ఒక్కటి జారిపోయినా మూకుడంతా పాడవుతుంది. నూనెలో వెల్లుల్లి ఎర్రబడకముందే గుల్లలు వేసి, మంట పెంచి, మూత పెట్టాలి. నోరు తెరిచినదాన్ని తెరిచినట్టే తీసెయ్యాలి, లేకపోతే మాంసం రబ్బరవుతుంది. అడుగున మిగిలిన నీళ్లను గుడ్డలో వడగట్టండి. ఈ వంటకు ప్రాణం అదే. అది ఉప్పగా ఉంటుంది కనుక స్పఘెట్టీ ఉడికే నీళ్లలో ఉప్పు తగ్గించాలి.

స్పఘెట్టీని గట్టి పలుకు ఉండగానే దించి, మిగతా రెండు మూడు నిమిషాలూ ఆ గుల్ల నీటిలోనే ఉడికిస్తారు. పోగులోంచి దిగిన గంజి, నూనె, గుల్ల నీళ్లు కలిసి చిక్కని మెరిసే రసంగా మారతాయి. దీన్ని మాంతెకాతూరా అంటారు. చేయి తిరిగిన నేపుల్స్ వంటవాడు మణికట్టు విసురుతో మూకుడు ఎగరేస్తుంటే, ఒక్క పోగు బయట పడకుండా అంతా తిరగబడి మళ్లీ లోపలికే దిగుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు! వంట పుట్టుకతో రావాల్సిన విద్యేమీ కాదు: ఇటలీలోని చెసెనాటికోలో పుట్టిన మార్సెల్లా హజాన్ న్యూయార్క్‌లో కాపురం పెట్టాకే వంట నేర్చుకుని, 1973లో తెచ్చిన పుస్తకంతో అమెరికా ఇళ్లకు ఇటలీ వంట నేర్పింది. ఆవిడకు ఎంత దణ్ణం పెట్టినా తక్కువే. ఈ స్పఘెట్టీలో టమాటాలు నాలుగు చిదిమి వేసేవాళ్లూ ఉన్నారు, నేను మాత్రం తెల్లగా వండే పక్షమే.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. చిప్పలు ఒలిచి గడ్డకట్టించిన మాంసం సంచుల్లో వస్తోంది. అందులో గుల్ల నీళ్లేవి? ఆ లోటు పూడ్చడానికి మీగడ, మీగడ చప్పదనం పోగొట్టడానికి చీజ్! హైదరాబాద్ హోటళ్లలో సీఫుడ్ పాస్తా అని అడిగితే తెల్ల సాసులో తేలే రొయ్యలు పెడతారు. 1980లలో వెనీస్ ఉప్పుకయ్యల్లో దించిన ఫిలిప్పీన్ జాతి గుల్లను ఇటలీ బజార్లలోనే ‘వెరాచె’ (అసలైనది) పేరుతో అమ్ముతున్నారు. దానికీ నూకలు చెల్లేలా ఉన్నాయి: 2023 నుంచి నీలి పీతలు పో నది ముఖాన గోరో గుల్లల మళ్లను తినేస్తున్నాయి.

కాకినాడ అఖాతంలోనూ గుల్లలు దొరుకుతాయి. ప్రాణమున్నవి, చిప్ప గట్టిగా మూసుకున్నవి తెచ్చుకుని ఒక్కసారి ఇంట్లో వండండి. చీజ్ మాత్రం వంటింటి గడప దాటనివ్వకండి.