నిలువు మగ్గం ముందు

అమెరికా ఆదివాసి తెగ అయిన నవాహోల నేతగత్తె సాధారణంగా కాగితం మీద బొమ్మ గీసుకోదు. నిలువు మగ్గానికి పడుగు బిగించి, దాని ముందు కూర్చుని, కింది అంచు నుంచి పైకి నేసుకుంటూ పోతుంది. అటూ ఇటూ పరుగెత్తే నాడె ఉండదు. ఒక్కో రంగు పేకను వేళ్లతోనే దూర్చి, పడుగు కనబడనంత బిగువుగా చెక్క దువ్వెనతో దిగగొడుతుంది. నమూనా అంతా ఆమె తలలోనే ఉంటుంది. ఆ జ్ఞాపకశక్తికి చేతులెత్తి మొక్కాలి.

1868లో అమెరికా సైన్యం బంధించి ఉంచిన బోస్క్ రెడోండో చెర నుంచి నవాహోలు సొంత నేలకు తిరిగొచ్చారు. తరవాత వర్తకుల కొట్లు వెలిశాయి. భుజాన కప్పుకునే దుప్పటి క్రమంగా పరాయి ఇళ్ల నేల మీది రగ్గయింది. గనాడో అనే ఊళ్లో వర్తకుడు లోరెంజో హబ్బెల్ తనకు నచ్చిన నమూనాలను చిన్న బొమ్మలుగా వేయించి గోడకు తగిలించాడు. ముదురు ఎరుపు ఆ ఊరి గుర్తయింది. క్రిస్టల్ అనే ఊళ్లో మరో వర్తకుడు జె.బి. మూర్ రగ్గుల కేటలాగు అచ్చువేసి దూరాల వాళ్లకు అమ్మాడు.

నాకు మాత్రం టూ గ్రే హిల్స్ అనే చోట నేసే రగ్గులే ప్రాణం. అక్కడ ఎరుపు జోలికి పోరు. గొర్రె ఒంటి రంగులే ఆధారం: తెలుపు, గోధుమ, రెండు రంగుల ఉన్నిని కలిపి ఏకితే వచ్చే బూడిద ఛాయలు. నలుపును మాత్రం తరచు అద్దకంతో ముదురు చేస్తారు.

వర్తకుల పేర్లు చరిత్రకెక్కాయి. పాత రగ్గులు ఎన్నిటికో నేసినామె పేరే లేదు. అది నాకు బాధగా ఉంటుంది. కొన్ని రగ్గుల్లో మాత్రం అంచును చీల్చుకుంటూ బయటికి పోయే సన్నని గీత కనిపిస్తుంది. తన మనసు ఆ నేతలో చిక్కుకుపోకుండా ఆమె వదిలిపెట్టుకున్న దారి అది.