యోబు మొర – హాండెల్ స్వరము

హాండెల్ 1741లో రచించిన ‘మెస్సీయ’ అనగానే మనకు హల్లెలూయ కోరస్ జ్ఞాపకమునకు వచ్చును. అయితే సోప్రానో ఏకగానములను, వాద్యబృంద సంగీతమును కలిపి వినిపించే కచేరీలలో, ఆ కోరస్ వెంటనే మూడవ భాగమును ఆరంభించే ఏకగానమునకు ప్రత్యేక స్థానమున్నది. తన విమోచకుడు సజీవుడని యోబు ఇచ్చిన సాక్ష్యమే దానికి ఆధారము.

దీని గొప్పతనము నిరాడంబరతలో ఉన్నది. హల్లెలూయలో బూరలు, భేరీలు మ్రోగును. ఇక్కడ వయొలిన్లు, మంద్రస్థాయి వాద్యములు మాత్రమే. వయొలిన్లు ముందుగా పలికిన రాగమును గాయని నెమ్మదిగా అందుకొనును. సమూహపు జయధ్వని తరువాత ఒక్క విశ్వాసి ఒప్పుకోలు వినబడును. వాక్యములను కూర్చిన చార్లెస్ జెన్నెన్స్ యోబు 19:25, 26 వచనములకు 1 కొరింథీ 15:20ని జతపరచెను. యోబు నిరీక్షణకు పౌలు క్రీస్తు పునరుత్థానమును జవాబుగా చూపుచున్నాడు. ఇది చక్కని వ్యాఖ్యానము.

అయినను ఒక లోటు కలదు. ఈ రాగములోని ప్రశాంతత యోబుది కాదు. అదే అధ్యాయములో అతడు దేవుడు తనకు అన్యాయము చేసెనని వాదించుచున్నాడు (19:6). బంధువులు విడిచిపోయిరని విలపించుచున్నాడు (19:14). స్నేహితులను కనికరము వేడుకొనుచున్నాడు (19:21). ‘విమోచకుడు’ అనుటకు హెబ్రీలో ఉన్న ‘గోయేల్’ అను మాట సమీప బంధువును సూచించును (లేవీ 25:25, రూతు 4). బంధువులందరు విడిచినవాడు తనకొక బంధువు జీవించియున్నాడని చెప్పుచున్నాడు! ఆ తెగువ ఈ రాగములో వినబడదు.

తప్పంతయు హాండెల్‌ది కాదు. సంపూర్ణ కృతిలో రెండవ భాగము యెషయా 53లోని శ్రమలగుండా శ్రోతను నడిపించి ఇక్కడికి తెచ్చును. కచేరీ కొరకు విడదీసినప్పుడు ఆ మార్గము తొలగి, గమ్యము మాత్రమే మిగులును.

1759లో మరణించిన హాండెల్‌కు వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో నిలిపిన శిల్పము ఎదుట ఈ పాట స్వరపత్రమే ఉన్నది. మనము కూడ భూస్థాపన సమయములలో ఈ వచనములనే చదువుదుము. దుఃఖించు కుటుంబము ఎదుట 25వ వచనముతోనే ఆరంభించినచో, మనము కూడ కచేరీవలెనే చేసినవారమగుదుము. ముందు 6 నుండి 22 వచనములు చదువుదము. మొరపెట్టుటకు చోటు దొరికినవారికే నిరీక్షణ తమదిగా వినబడును.