తొక్కిన విడుచునది

తెలుగుమాట నోటికందుచుండగా ఇంగ్లీషుమాటకై అర్రులు చాచుట నాకు గిట్టదని ఈ కాలమ్ చదువరులెల్లరు నెరుగుదురు. కావుననే ఈ వారము నూజెండ్ల పొలములలో ఒక డ్రైవరు తన మేనల్లునికి ట్రాక్టరు నేర్పుచు, “క్లచ్ తొక్కరా, గేరెయ్యి, ఇప్పుడు నిదానంగా వదులు” అని కేకలువేయుట విన్నప్పుడు, ‘పట్టు’ అను చక్కని మాట మనకుండగా ఈ క్లచ్ ఏల యని నా పాత చాదస్తము మరల తలయెత్తినది. కుర్రవాడు కాలు చటుక్కున తీసివేసెను. ట్రాక్టరు ముందుకు దూకి ఆగిపోయెను. “వదలమన్నావుగా మావా!” అని వాడు, “వదలమంటే వదిలెయ్యడం కాదురా!” అని మామ.

ఇంగ్లీషున క్లచ్ అను క్రియకు బిగియబట్టుట యని అర్థము. మునుగువాడు గడ్డిపోచను పట్టుకొనుటకును, భయపడిన తల్లి బిడ్డను గుండెకదుముకొనుటకును అదే మాట. బహువచనమున నామమైనచో మన కబంధహస్తములకు సాటివచ్చును. ట్రాక్టరులోనైతే, స్ప్రింగుల ఒత్తిడిచే ఇంజనుచక్రమును అంటిపట్టుకొని యుండు అమరికకు ఆ పేరు. పెడలు తొక్కినచో ఆ పట్టు సడలును. కాలు తీసినచో మరల బిగియును. సగము తొక్కి సగము వదలి నడుపువాని క్లచ్‌ప్లేటు రాపిడికి మాడిపోవును.

చిన్ననాడు నాకు నాగలి నేర్పిన మా సేద్యగాడు ఈ పట్టువిడుపుల విద్యలో ఆరితేరినవాడు. నేను మేడిని బిగించి పట్టగా, కర్రు రాతికి తగిలినపుడెల్ల ఆ దెబ్బ భుజముదాక ఎక్కెడిది, అరచేతులు పొక్కెడివి. “మేడి పిడికిట్లో బిగిస్తే నాగలి నిన్నే దున్నుద్ది అబ్బాయ్” అని నవ్వి, తాను మాత్రము మణికట్టు వదులుచేసి, రాయి తగిలీ తగులకమునుపే నాగలిని ఇంచుక లేపి దాటించి, మరల చాలులో మోపెడివాడు. పట్టుటయు విడుచుటయు ఆ చేతిలో ఒక్క పనియే.

అట్టివారి మాటలకు గ్రంథగౌరవము లభించినది కొంత ఆలస్యముగానే. 1852లో బ్రౌను తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువున కావ్యపదముల సరసన వాడుకమాటలకును పీటవేసెను. 1962లో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయ వృత్తిపదకోశము రైతుల పలుకుబడినే ప్రమాణముగా గైకొన్నది.

ఆ ప్రమాణమునే నేటి చేనికి వర్తింపజేసినచో, మేడి యున్న చోట నేడు క్లచ్ ఉన్నది. దానికి ‘పట్టు’ అని నామకరణము చేసి “పట్టు తొక్కు” మన్నచో ఆ మేనల్లుడు ట్రాక్టరును గట్టుమీదికే ఎక్కించును! కనుక క్లచ్‌ను తెలుగుపదముగానే చేర్చుకొని, ‘తొక్కిన విడుచునది, విడిచిన పట్టునది’ అని నిఘంటుకర్తలు అర్థము వ్రాయుదురుగాక. ‘నడుపు’ ఉండగా ‘డ్రైవ్ చేయుట’ను మాత్రము నేనంగీకరింపను.