ఎదిగే పిల్లాడు కదా!

జూన్‌లో స్కూలు యూనిఫారం కొనేటప్పుడు షాపులో ప్రతి తండ్రీ అనే మాటే డర్ట్ బైక్ కొనేటప్పుడూ నోటికొస్తుంది: "ఎదిగే పిల్లాడు కదా, ఒక సైజు పెద్దదే ఇవ్వండి." నిక్కరుకైతే నష్టం లేదు. కింద మడత పెట్టి కుట్టిస్తే రెండేళ్లు లాగించొచ్చు. బండికి మడత కుట్టడం ఎవరి వల్లా కాదు.

రుషికొండ ఇళ్లలో ఈ మాట వినపడటానికి కారణం ఉంది. 2025 డిసెంబరులో ఇండియన్ సూపర్‌క్రాస్ రేసింగ్ లీగ్ హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియం దాకా వచ్చింది. 2024లో లీగ్ మొదలైనప్పుడే పెద్దల విభాగాల పక్కన జూనియర్లకు 85 సీసీ విభాగం పెట్టారు. మట్టి గుట్ట మీంచి గాల్లోకి లేచే బండిని ఫోన్లో చూసిన తొమ్మిదేళ్లవాడికి ఆ పూట అన్నం సహించదు. తండ్రి వీడియో చూడడు, ధర చూస్తాడు. చూసి, ఇంత పోసి కొన్నాక అయిదేళ్లయినా పనికిరావాలంటాడు.

ఆ తండ్రిని తప్పుపట్టడం కష్టం. అతనూ, ఈ కాలమ్ రాసేవాడూ సైకిల్ నేర్చుకున్నది నాన్న ఎక్కే పెద్ద సైకిల్ మీదే. సీటు అందదు కాబట్టి కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకు వేలాడేసి తొక్కాం. మోకాళ్లు చెక్కుకుపోయాయి, సైకిల్ వచ్చేసింది. వీడికీ అలాగే వస్తుందని నమ్మకం. కాకపోతే ఆ సైకిల్ మనం తొక్కితేనే కదిలేది. ఇంజను అలా కాదు, పిల్లాడు భయపడి హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే చాలు, యాక్సిలరేటర్ తిరిగిపోయి ఇంకా ముందుకు లాక్కుపోతుంది.

అందుకే సీసీ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు టేపు తియ్యాలి. యమహా పీడబ్ల్యూ50 సీటు నేలకు సుమారు 48 సెంటీమీటర్ల ఎత్తు, బండి బరువు 41 కిలోలు. గేర్లు లేవు, చైను కూడా లేదు, షాఫ్టే వెనక చక్రాన్ని తిప్పుతుంది. యాక్సిలరేటర్ దగ్గర ఒక స్క్రూ ఉంటుంది. అది బిగించి పెడితే పిల్లాడు ఎంత మెలితిప్పినా బండి ఆ హద్దు దాటదు. 1980ల మొదట్లో వచ్చిన ఈ బండిని ఇన్నేళ్లలో కంపెనీ పెద్దగా మార్చలేదంటే, మార్చాల్సిన అవసరం రాలేదనుకోవాలి. హోండా సీఆర్ఎఫ్50ఎఫ్ సీటు 55 సెంటీమీటర్లు, క్లచ్ లేని మూడు గేర్లు. మన దేశంలోనూ అమ్మిన కవాసాకి కేఎల్ఎక్స్110 సీటు 68 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు.

ఇవన్నీ నేర్చుకునే బండ్లు. రేసు బండ్ల కథ వేరు. కేటీఎం 65 ఎస్ఎక్స్, కవాసాకి కేఎక్స్65 దగ్గర చేతి క్లచ్, ఆరు గేర్లు మొదలవుతాయి. ఇవి టూ స్ట్రోక్ ఇంజన్లు, కింద మెత్తగా ఉండి ఉన్నట్టుండి పికప్ అందుకుంటాయి. ఆర్ఎక్స్100 తోలిన నాన్నలకు ఆ కుదుపు గుర్తుండే ఉంటుంది. పెట్రోలు బంకులో టూటీ ఆయిల్ పోయించుకున్న వాసనతో సహా. పాళ్లు నలభైకి ఒకటని కంపెనీ చెబితే లీటరుకు 25 మిల్లీలీటర్ల ఆయిల్, కొలిచి కలపాల్సిందే. ఆపైన 85 ఎస్ఎక్స్. దాన్ని రెండు చక్రాల సైజుల్లో చేస్తారు: ముందు 17, వెనక 14 అంగుళాలది ఒకటి, 19, 16 అంగుళాలది ఇంకొకటి. ఒకే వయసు పిల్లలు ఒకే ఎత్తు ఉండరని కంపెనీకే తెలుసు.

రేసు గేటు దగ్గర పాతికమంది వరసలో నిలబడ్డప్పుడు కాలు అందనివాడు బండి కదలకముందే పక్కకు ఒరుగుతాడు. మధ్యలో పడితే తనే లేపుకోవాలి, తనే కిక్ కొట్టుకోవాలి. ఆ కిక్ మీదకు కాలు వెళ్లకపోతే మిగతావాళ్లంతా మట్టి చిమ్ముకుంటూ దాటిపోతుంటే చూస్తూ నిలబడాలి. పిల్లాడి ధైర్యం అక్కడే చస్తుంది.

రుషికొండ అలల మీద సర్ఫింగ్ నేర్పేవాళ్లు కొత్తవాళ్ల చేతిలో పొడవాటి పెద్ద బోర్డే పెడతారు, అదే నిలకడగా తేలుతుంది. బండి దగ్గరకొచ్చేసరికి ఆ లెక్క తిరగబడుతుంది.

సీటు కుదిరాక చాలామంది వదిలేసే పని ఒకటుంది. బండిని స్టాండు మీద పైకెత్తి, వెనక ఇరుసు నుంచి మడ్‌గార్డు మీద సుద్దముక్కతో పెట్టిన గీత దాకా కొలవాలి. తర్వాత కిందికి దించి, పిల్లాడికి హెల్మెట్, బూట్లు, ఛాతీ కవచం అన్నీ తొడిగి ఎక్కించి, మళ్లీ అక్కడే కొలవాలి. ఆ రెండు కొలతల తేడాయే శాగ్. పెద్దల మోటోక్రాస్ బండికి వెనక చక్రం దాదాపు 300 మిల్లీమీటర్లు ఆడుతుంది, మనిషి ఎక్కితే అందులో 100 దాకా దిగాలి. చిన్న బండికీ ఇంచుమించు మూడో వంతే. 28 కిలోల పిల్లాణ్ణి 40 కిలోల పిల్లాడి కోసం చేసిన స్ప్రింగు మీద కూర్చోబెడితే అది దిగదు. ప్రతి గతుకుకీ వీపు మీద చరిచినట్టు పైకి విసురుతుంది. ఏడ్చినంత పనిచేసి ఇంటికొచ్చిన పిల్లాణ్ణి పట్టుకుని "వీడికి భయమెక్కువ" అనేస్తారు. పాపం, వాడి తప్పేముంది?

ఇక ఎక్కడ తోలాలి? బీచ్ రోడ్డు మీద కుదరదు. రేసు బండికి రిజిస్ట్రేషనే ఉండదు. ఏ బండైనా మైనరు రోడ్డెక్కి నేరం చేస్తే, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఎ సెక్షన్ కింద తండ్రికి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఇసుకలోనా? సీజన్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం ఇది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు చూడగానే చేతులు దురద పెడతాయి గానీ, అవి 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన వారసత్వం. ఒక్క టైరు గాడి పడితే వానాకాలంలో అది వాగవుతుంది. బండిని టాటా ఏస్‌లో ఎక్కించుకుని ట్రాక్ ఉన్నచోటికి పోవడమే దారి. 2015 డకార్ ర్యాలీ పూర్తిచేసి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడైన సీఎస్ సంతోష్, తెలుగు బాగా వినపడే కోలారు జిల్లాలో బిగ్ రాక్ శిక్షణ కేంద్రం పెట్టాడు. సెలవుల్లో అక్కడికి వెళ్లొచ్చే ఖర్చు కూడా బండి ధరలో కలిపి లెక్కేసుకోవాలి.

ఉప్పుగాలి ఊరు కాబట్టి స్పోకులు, చైను ఊరికే తుప్పు పడతాయి. తోలిన ప్రతిసారీ ఎయిర్ ఫిల్టర్ స్పాంజి కడిగి, ఆరబెట్టి, ఆయిల్ పట్టించాలి. పాతది కొంటుంటే ఆ స్పాంజి తీయించి చూస్తే సగం కథ తెలుస్తుంది. రేసు బండి వయసు కిలోమీటర్లలో చెప్పరు, ఇంజను తిరిగిన గంటల్లో చెబుతారు. ఆ మీటరే లేదంటే ధర తగ్గించి అడగొచ్చు.

డబ్బులిచ్చే ముందు బండిని నేల మీద పక్కకు పడుకోబెట్టి, లేపమని పిల్లాడితో చెప్పాలి. తండ్రి చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడాలి. మొదటిసారి వాడు పై హ్యాండిల్ పట్టుకుని లాగుతాడు, రాదు. నాన్న వైపు చూస్తాడు. నాన్న సముద్రం వైపు చూడాలి. రెండోసారి వాడే వంగి, కింది హ్యాండిల్ పట్టి, తొడ ఆనించి తోస్తాడు.