నేలచూపుల మార్కెట్లో ఏరుకునే చేయి

వాటర్‌బేస్ లిమిటెడ్ వార్షిక నివేదిక తెరిస్తే రిజిస్టర్డ్ ఆఫీసు దగ్గర అనంతపురం అని కనిపిస్తుంది. రాయలసీమ వాళ్ళు పొరబడే అవకాశం ఉంది గానీ, ఇది నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు మండలంలోని పల్లె. తూర్పున సముద్రం, కోడూరు బీచి. దక్షిణంగా పోతే ముత్తుకూరు, కృష్ణపట్నం రేవు. మధ్యలో పెన్నా కాలువల కింద వరి, దాని పక్కనే రొయ్యల గుంటలు. 1987లో నమోదైన ఈ రొయ్యల మేత కంపెనీ షేరు బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీలో చేతులు మారుతూ ఉంటుంది. షేర్ల సంగతి మాట్లాడటానికి ఈ మండలం కన్నా తగిన చోటు నాకు తోచలేదు. బజారు కూలినప్పుడు ఏది కొనాలి, ఏది వదిలించుకోవాలి అని ఎంచే పనితనాన్ని దగ్గరగా చూడాలంటే, షేరు వెనక ఉన్న సరుకు కంటికి కనిపించే చోటే చూడాలి.

2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ దేశాలవారీ సుంకాల పట్టీ చదివారు. భారత్‌కు 26 శాతం, వియత్నాంకు 46, ఇండోనేషియాకు 32, ఈక్వెడార్‌కు 10. మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల్లో సింహభాగం రొయ్యలదే, వాటికి అన్నిటికంటే పెద్ద గిరాకీ అమెరికా. 2024-25లో ఆ ఒక్క దేశమే దాదాపు 270 కోట్ల డాలర్ల సముద్ర ఉత్పత్తులు కొన్నది. దాంతో అవంతి ఫీడ్స్, కాకినాడ ఏపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్, విశాఖ కోస్టల్ కార్పొరేషన్ వంటి రొయ్యల షేర్లన్నిటినీ ఒకే గాటన కట్టి అమ్మేశారు. ఏప్రిల్ 7న సెన్సెక్స్ కూడా 2,200 పాయింట్లకు పైగా పడింది. ఇక్కడ గుంటల గట్ల మీద కొనుగోలుదారులు కిలో రేటు కోసేశారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు రొయ్యలకు మినహాయింపు ఇప్పించమని కేంద్రానికి లేఖ రాశారు.

ఇలాంటి రోజున చేయి తిరిగిన మదుపరి మొదట చేసే పని ధర చూడటం కాదు. గాటన కట్టినవాటిని విప్పుతాడు. సుంకం చెల్లించే బిల్లు ఏ కంపెనీ పేరు మీద వస్తుంది? ఏపెక్స్, కోస్టల్ రొయ్యను వలిచి, నరం తీసి, గడ్డకట్టించి ఓడెక్కించే కంపెనీలు. సరుకు అమెరికా రేవులో దిగితే సుంకం దెబ్బ నేరుగా వాటి లాభం మీదే పడుతుంది. అవంతికి కూడా ఎగుమతి విభాగం ఉంది, అందులో థాయ్‌లాండ్ కంపెనీ థాయ్ యూనియన్‌కు 40 శాతం వాటా. కానీ అవంతి రాబడిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు మేత బస్తాలది. ఆ బస్తా కొనేది తోటపల్లి గూడూరు లాంటి ఊళ్ళ రైతు, రూపాయల్లో. వాటర్‌బేస్‌దీ ప్రధానంగా మేత వ్యాపారమే. అంటే ఒకే దెబ్బ వీటిలో కొన్నిటికి ఆ రోజే తగులుతుంది, కొన్నిటికి మెల్లగా పాకుతుంది. బజారుకు ఆ తేడా చూసే ఓపిక లేదు. ఆ ఓపికే ఈ పనిలో సగం నైపుణ్యం.

మెల్లగా పాకడం అంటే ఎంత మెల్లగా? దీనికి జవాబు గుంటలో ఉంది. ఇక్కడ పెంచే వెనామీ రకం రొయ్య పంట నూరు నూట ఇరవై రోజులది. వేసవి పంటకు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పిల్ల వదులుతారు. ఏప్రిల్ 2 నాటికి చాలా గుంటల్లో రొయ్య అప్పటికే పెరుగుతోంది. అది పెరిగినన్నాళ్ళూ మేత వేయక తప్పదు. సుంకం పెరిగిందని రొయ్య పస్తుండదు. కాబట్టి ఏప్రిల్, జూన్ మధ్య అమ్ముడుపోయే మేతలో పెద్ద భాగం ట్రంప్ పట్టీ చదవకముందే ఖాయమైంది. ఇందులో ఒక మెలిక ఉంది. బస్తాలు ఎక్కువగా ఖర్చయ్యేది పంట చివరి రోజుల్లో. రేటు ఇంకా పడుతుందన్న భయంతో రైతు నలభై కౌంటుకు రావలసిన రొయ్యను ఎనభై కౌంటు దగ్గరే పట్టేస్తే (కౌంటు అంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య, చిన్న రొయ్యకు పెద్ద కౌంటు) ఆ చివరి మేత అమ్మకం పోతుంది. అసలు పరీక్ష మాత్రం ఆ తర్వాతి పంటకు. జూలైలో రైతు పిల్ల వదులుతాడా, గుంట ఎండబెట్టి ఊరుకుంటాడా? హ్యాచరీలకు వచ్చే సీడు ఆర్డర్లు, గుంటల లీజు ధరలు, మేత డీలరు దగ్గర అరువు ఎంత పేరుకుందన్నది, ఇవన్నీ త్రైమాసిక ఫలితాలకు చాలా ముందే ఈ మండలంలో తెలిసిపోతాయి.

ఇలా ఊళ్ళోంచి సమాచారం రాబట్టే పద్ధతికి అమెరికన్ మదుపరి ఫిలిప్ ఫిషర్ 1958లో వచ్చిన తన పుస్తకంలో గౌరవం కల్పించాడు. కంపెనీ పెద్దల మాట వినే ముందు దాని ఖాతాదారులను, సరఫరాదారులను, పోటీదారులను పలకరించమన్నాడు. కాలిఫోర్నియాలో దీనికి ఫోన్లు చేయాలి, పరిచయాలు కావాలి. నెల్లూరు తీరంలో టీ కొట్టు చాలు. (తీరా అక్కడ వినబడేదంతా నిజమని నమ్మేవాడికి ఈ పని అచ్చిరాదు. పక్క గుంటకు తెల్లమచ్చ తెగులు వచ్చిందన్న పుకారు తెల్లమచ్చ కన్నా వేగంగా పాకుతుంది.)

నన్ను బాగా ఆకట్టుకునేది దీని తర్వాతి మెట్టు. అందరూ వాషింగ్టన్ వైపు చూస్తున్నప్పుడు నేర్పరి సోయా వ్యాపార కేంద్రమైన ఇండోర్ వైపు చూస్తాడు. రొయ్య మేతలో ముఖ్యమైన సరుకులు చేపపొడి, సోయా చెక్క, గోధుమ పిండి. మేత కంపెనీ లాభాన్ని ఏటికేడు ఊపేది ఎక్కువగా వీటి ధరలే. 2021 ఆగస్టులో సోయా చెక్క కిలో వంద రూపాయల దరిదాపుల్లోకి వెళ్ళింది, కేంద్రం 12 లక్షల టన్నుల దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. ఆ కాలంలో మేత కంపెనీల లాభాలు కరిగిపోయాయి. బస్తా ధర పెంచబోతే రైతులు ఊరుకోరు, పెంచకపోతే లెక్క తేలదు. 2025 ఏప్రిల్‌లో పరిస్థితి దీనికి తలకిందులు. సోయాబీన్ మద్దతు ధర క్వింటాలు 4,892 రూపాయలైతే బజారు దానికి దిగువనే నడిచింది. పడిపోతున్న షేరు వెనక ఖర్చు తగ్గుతున్న ఫ్యాక్టరీ ఉందన్నమాట. అవంతి మే నెలలో ప్రకటించిన ఫలితాల్లో లాభం పెరిగింది. ధర చెప్పే కథ, ఖాతా చెప్పే కథ ఇలా ఎదురెదురుగా నడిచే చోటును పట్టుకోవడమే పతనంలో కొనుగోలు. ధర సగమైందన్న ఒక్క కారణంతో కొనడానికి ఏ పనితనమూ అక్కర్లేదు.

ఆస్తి అప్పుల పట్టీ చదివే తీరులోనూ ఒక క్రమం ఉంటుంది. లాభం గీత దగ్గరకు ముందు పోరు. అప్పు ఎంత, చేతిలో డబ్బు ఎంత, రావలసిన బాకీలు అమ్మకాలలో ఎన్ని రోజులకు సమానం, గోదాములో సరుకు ఎంత పేరుకుంది, ఇవి ముందు. 1934 నాటి గ్రాహం, డాడ్‌ల సెక్యూరిటీ అనాలిసిస్ పుట్టిందే ఒక మహాపతనం బూడిదలోంచి; కంపెనీ మూతపడినా ఎంత చేతికొస్తుందో లెక్కగట్టాక ధర వైపు తిరగమని గ్రాహం పట్టుదల. ఈ వరుసలో చూస్తే అవంతి దగ్గర అప్పు నామమాత్రం, బ్యాంకులోనూ ఫండ్లలోనూ వెయ్యి కోట్లకు పైగా నిల్వ. రెండు చెడ్డ పంటలు వచ్చినా తట్టుకునే కంపెనీ అది. వాటర్‌బేస్ అదే మేత వ్యాపారంలో ఉన్నా ఈ దశకంలో నష్టాలు చూపిన ఏడాదులున్నాయి. అంత చిన్న కంపెనీకి పతనం అంటే ధర తగ్గడం ఒక్కటే కాదు, కొన ఊపిరి ఎంతకాలం అన్న ప్రశ్న కూడా. మన ఊరి కంపెనీ అన్న మమకారం ఇక్కడ లెక్కలోకి రాకూడదు. నెల్లూరు వాడిగా ఈ మాట రాయడం అంత తేలిక కాదు గానీ పట్టీలో ఊరి పేరుకు గడి లేదు.

ఇక ఎగుమతి కంపెనీల విషయంలో సున్నితమైన పని మరొకటుంది. 26 అనే అంకె చూసి గుండెలు బాదుకునేవాళ్ళ మధ్య ఒకరు 26కూ 10కీ మధ్య దూరం కొలుస్తారు. అమెరికాలో భారత్‌కు గట్టి పోటీదారు ఈక్వెడార్. అందరిమీదా సమానంగా పడే సుంకాన్ని కొనేవాడి మీదకు కొంతైనా నెట్టవచ్చు; ఒకరి మీదే ఎక్కువ పడితే ఆ బరువు గుంట గట్టు దాకా దిగివస్తుంది. ఏప్రిల్ 9న ట్రంప్ 90 రోజుల విరామమిచ్చి చైనా తప్ప అందరికీ 10 శాతమే అన్నప్పుడు ఈ దూరం చాలావరకు చెరిగిపోయింది. ఏప్రిల్ 11న బజారు తెరవగానే రొయ్యల షేర్లు ఎగిరాయి. ఆ ఎగురుడులో కొనడానికి పరుగెత్తినవాళ్ళు చాలామంది. బాగా ఎంచేవాడు అప్పుడు అమ్ముతాడు, అదీ అన్నీ కాదు. ఈక్వెడార్‌తో దూరం మళ్ళీ పెరిగితే ముందు మునిగేది ఏదో దాన్ని, వచ్చిన ధరకు.

అమ్మకమే కష్టమైన కళ అని నా అభిప్రాయం. ఫిషర్ అమ్మడానికి మూడే కారణాలు ఒప్పుకున్నాడు: కొన్నప్పుడే పొరబడ్డామని తేలడం, కంపెనీ మునుపటిలా లేకపోవడం, అంతకన్నా మెరుగైనది దొరకడం. బజారు పడుతోందన్నది ఆ జాబితాలో లేదు. ఈ మూడింటిలో ఏది వర్తిస్తుందో తెలియాలంటే కొన్న రోజున ఎందుకు కొన్నామో రాసిపెట్టుకుని ఉండాలి. పతనంలో జ్ఞాపకం మహా దొంగ. మనం చూసుకుని కొన్న కారణాన్ని ధరకు తగ్గట్టు మార్చి చూపిస్తుంది. నష్టానికి అమ్మే షేరుకు ఒక చిన్న ఊరట ఉంది: మన ఆదాయపు పన్ను చట్టంలో ఏడాది లోపు హోల్డింగు మీద వచ్చిన నష్టాన్ని మిగతా మూలధన లాభాల్లోంచి తీసేసుకోవచ్చు, మిగిలితే రిటర్ను గడువులోగా వేసినవారు 8 ఏళ్ళ దాకా ముందుకు తీసుకుపోవచ్చు. నేర్పరి దీన్ని వాడుకుంటాడు గానీ పన్ను కోసమే మంచి షేరును వదులుకోడు. చిన్న కంపెనీల్లో మరో చిక్కు: లోయర్ సర్క్యూట్ (ఆ రోజుకు ధర పడగలిగే కనిష్ఠ హద్దు) పడితే అమ్మేవాళ్ళే గానీ కొనేవాళ్ళుండరు. అందుకే అలాంటి షేరు తీసుకునేటప్పుడే, రోజుకు ఎన్ని చేతులు మారుతున్నాయో చూసి, చెడ్డ రోజున బయటపడగలిగినంతే తీసుకుంటారు.

2025 ఆగస్టు 27న భారత్ మీద సుంకం 50 శాతానికి చేరింది. ఏప్రిల్‌లో కొలిచిన దూరం అప్పుడు అంతకన్నా పెద్దదైంది, విరామమూ లేదు. అలాంటప్పుడు లెక్క మొత్తం తిరిగి వేయాలి: వలిచిన రొయ్యకు యూరప్‌లో ఎంత చోటు దొరుకుతుంది, తర్వాతి పంటకు గుంటల్లో పిల్ల ఎంత పడుతుంది, సోయా చెక్క ఎక్కడుంది. ఏప్రిల్ కాగితం మీద రాసుకున్న కారణాల్లో ఏవి నిలిచాయో టిక్కు పెట్టి, నిలవనివాటి పక్కన అమ్మాల్సిన ధర రాసుకోవాలి.