గురిని దిద్దుకొనే విద్య: పాతబస్తీ క్షేత్ర పరిచర్య వెలుగులో ఒక విమర్శ

ఉపోద్ఘాతం

వేదాంత విద్యార్థి తాను నేర్చుకోవలసిన వాటిని తానే నిర్ణయించుకోవాలన్న మాట మన కళాశాలల్లో కొత్తది కాదు. సంవత్సరారంభంలో ఫీల్డ్ వర్క్ ఫారం చేతికిచ్చి, ఈ ఏడాది లక్ష్యాలేమిటో మూడు నాలుగు వాక్యాల్లో వ్రాయమంటాం. సంవత్సరాంతంలో ఆ వాక్యాల ప్రక్కన నెరవేరిందనో, నెరవేరలేదనో గుర్తు పెట్టి మార్కులు వేస్తాం. ఈ రెండు తేదీల నడుమ ఆ లక్ష్యం ఏమైందని అడిగేవారు, మేము చూచినంతలో, తక్కువ. లక్ష్యాన్ని ఏర్పరచుకొనే స్వేచ్ఛనిచ్చి దానిని దిద్దుకొనే స్వేచ్ఛ ఇవ్వకపోతే, మనమిచ్చింది సగం స్వేచ్ఛేనన్నది ఈ వ్యాసంలో మా వాదన. ఈ లోపం ఎక్కడైనా కనబడుతుంది గాని, హైదరాబాదు పాతబస్తీకి విద్యార్థిని పంపినప్పుడు మరింత స్పష్టంగా బయటపడుతుంది.

నోల్స్ చెప్పినది, మనం తీసుకొన్నది

ఈ ఫారాల వెనుకనున్న ఆలోచనకు ప్రధాన ప్రచారకుడు అమెరికా దేశపు వయోజన విద్యావేత్త మాల్కం నోల్స్. 1975లో స్వయం నిర్దేశిత అభ్యాసంపైన, 1986లో అభ్యాస ఒప్పందాలపైన ఆయన వ్రాసిన పుస్తకాలు ప్రసిద్ధమైనవి. ఆయన పద్ధతి ఇది: విద్యార్థి తానున్న స్థితికీ చేరవలసిన స్థితికీ మధ్యనున్న దూరాన్ని గుర్తించాలి. లక్ష్యాలు, వనరులు, గడువు, నేర్చుకొన్నాననుటకు చూపే ఋజువు, ఆ ఋజువును తూచే కొలత వ్రాసుకోవాలి. దానిని సలహాదారులకు చూపించాలి. పని సాగుతుండగా తన ఆలోచన మారితే ఒప్పందాన్ని సవరించుకోవడానికి వెనుకాడకూడదు.

కడపటి మాట గమనించదగినది. సవరణకు నోల్స్ చోటిచ్చాడు. ఫారాన్ని దిగుమతి చేసుకొన్న మనమే ఆ మెట్టును వదిలేశాం. దీనికి కారణం మన తరగతి గదిలోని అధికార సంబంధమేనని మేము భావిస్తున్నాము. అయ్యగారికి నచ్చే లక్ష్యమేదో కనిపెట్టి వ్రాయడం మన విద్యార్థి బాగా నేర్చుకొన్నాడు. నెరవేరితేనే మార్కులన్నప్పుడు అతడు సులువుగా నెరవేరేదే వ్రాస్తాడు: ఇన్ని ఇండ్లు దర్శిస్తాను, ఇన్ని కరపత్రాలు పంచుతాను, ఇన్ని ప్రసంగాలు చేస్తాను. ఇవి లెక్కకు అందుతాయి. కాని ఇవి అతడు చేసేవి మాత్రమే. అతడు నేర్చుకొనేవి కావు.

నోల్స్ పద్ధతిలోనూ ఒక పరిమితి ఉంది. తన అవసరమేమిటో విద్యార్థికి చాలమట్టుకు తెలుసునన్న నమ్మకంపై అది నిలుస్తుంది. తనకు తెలియని ప్రజల మధ్యకు పోయేవానికి ఆ తెలివి ముందుగా ఎక్కడిది? విద్యార్థిని ఖాళీ పాత్రగా ఎంచి నింపే విద్యను పౌలో ఫ్రెయిరీ విమర్శించాడు. ప్రజల యొద్దకు సిద్ధమైన ఉద్దేశంతో వెళ్లి, వారి మాటతో దానిని మార్చుకొననివాడు కూడా ఆ ప్రజలను ఖాళీ పాత్రలుగానే చూస్తున్నాడు.

పాతబస్తీ అడిగే ప్రశ్న

ఒక తెలుగు పల్లె నుండి వచ్చిన బి.డి. విద్యార్థిని పాతబస్తీకి పంపామనుకొందాం. "ఇస్లాం బోధలను తెలిసికొని సువార్తకు మార్గం సిద్ధపరచుట" అని ఫారంలో వ్రాశాడు. మొదటి వారమే అతనికి మాట అడ్డు వస్తుంది; అక్కడి వీధుల్లో వినబడే దక్కనీ ఉర్దూ అతనికి రాదు. తర్వాతి వారాల్లో, తాను చదివిన సిద్ధాంతాల గురించి గాక పిల్లల ఫీజు గురించీ, కుట్టుపని కూలీ గురించీ జనం మాట్లాడుతున్నారని తెలుస్తుంది. తాను ఎవరి తరఫున వచ్చాడోనన్న అనుమానం కొందరి చూపులో కనిపిస్తుంది. ఇప్పుడు అతడు నిజంగా నేర్చుకోవలసినవి వేరు: పలకరించేటంత ఉర్దూ, వినడం, ఆ వీధుల గత చరిత్ర. ఫారంలోని లక్ష్యం మాత్రం అలాగే ఉంది. దానికి కట్టుబడితే జనానికి దూరమౌతాడు. వదిలితే మార్కులు పోతాయి. ఇటువంటి చోట తప్పు విద్యార్థిదా, ఫారందా?

ఆ గత చరిత్ర చిన్నది కాదు. 1990 డిసెంబరు అల్లర్లలో హైదరాబాదులో వందమందికి పైగా చనిపోయారు. వాటి తర్వాత సహాయ కార్యక్రమాల్లో పాల్గొన్న సంస్థల్లో హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఒకటి. ఈ సంస్థ 1930లో లాహోరులో ఇస్లాం అధ్యయన పాఠశాలగా ప్రారంభమై, ఉత్తర భారత పట్టణాలు కొన్ని మారి, 1971లో హైదరాబాదు చేరింది. ముస్లింల మధ్య సువార్త సేవ చేసేవారికి శిక్షణ ఇవ్వడం దాని తొలి ఉద్దేశం. కాలక్రమంలో మతాంతర సంభాషణ, తర్వాత సమాధాన పరిచర్య ముందుకు వచ్చాయి. పాతబస్తీలోని సుల్తాన్‌షాహిలో 'అమన్ శాంతి' పేరిట విద్య, వృత్తి శిక్షణ పనులు సాగాయి. ఉర్దూ మాట ఒకటి, తెలుగువారికి తెలిసిన మాట ఒకటి. రెండింటి అర్థం ఒక్కటే. ఈ సంస్థ చరిత్రపై డయాన్ డిసౌజా 1998లో ప్రచురించిన ఆంగ్ల గ్రంథం పేరులోనే సువార్తీకరణ, సంభాషణ, సమాధానం అన్న మూడు మాటలు వరుసగా ఉన్నాయి.

ఈ మార్పును అందరూ ఒకే విధంగా తూచరు. మొదటి గురిని విడిచిపెట్టారనేవారు ఉన్నారు. దానిని లోతుగా గ్రహించారనేవారూ ఉన్నారు. ఆ వివాదాన్ని తీర్చడం ఇక్కడ మా పని కాదు. అయితే ఒక సంస్థ దశాబ్దాల అనుభవంతో తన గురిని తిరిగి పరిశీలించుకోగలిగినప్పుడు, ఒక విద్యార్థికి మూడు నెలల అనుభవంతో తన గురిని పరిశీలించుకొనే వీలు లేకపోవడం న్యాయమా అని మాత్రం అడుగుతున్నాము.

హెన్రీ మార్టిన్, అపొస్తలుడైన పౌలు

ఆ సంస్థ ఎవరి పేరు ధరించిందో ఆయన జీవితం కూడా ఇదే బోధిస్తుంది. 1806లో ఈస్టిండియా కంపెనీ చాప్లెయిన్‌గా బెంగాలు చేరిన హెన్రీ మార్టిన్ క్రొత్త నిబంధనను ఉర్దూలోకి అనువదించాడు. పారసీక అనువాదం కూడా సిద్ధమైంది గాని, అందులో అరబీ పలుకుబడి మితిమీరిందన్న విమర్శ వచ్చింది. 1811లో ఆయన అరేబియా చేరాలన్న తలంపుతో బయలుదేరాడు. దారిలో షీరాజు చేరి, అక్కడివారి మాట విన్నాక, పారసీక అనువాదాన్ని మళ్లీ చేయాలని గ్రహించి, మీర్జా సయ్యద్ అలీ సహాయంతో దాదాపు సంవత్సరంపాటు అక్కడే నిలిచిపోయాడు. 1812 అక్టోబరులో టోకాట్‌లో మరణించాడు. అరేబియాలో పని చేయాలన్న ఆయన తలంపు నెరవేరనే లేదు. మన ఫారంలోనైతే ఆయన ప్రక్కన "నెరవేరలేదు" అని వ్రాసేవారం.

అపొస్తలుల కార్యములు 16:6-10లో పౌలు ఆసియలో వాక్యం చెప్పాలనుకొంటే ఆటంకమైంది. బితూనియకు వెళ్లబోతే అదీ కాలేదు. చివరకు మాసిదోనియకు దారి తెరచుకొంది. దర్శనం చూచినది పౌలు ఒక్కడే. దాని భావమేమిటో నిశ్చయించుకొన్నది మాత్రం "మేము" అని లూకా వ్రాస్తాడు. గురి మార్పు ఒంటరి నిర్ణయం కాదు. తోటివారితో కూడ తూచి చేసినది.

ఒక అభ్యంతరం, కొన్ని సూచనలు

లక్ష్యం మార్చుకోవచ్చునంటే సోమరి విద్యార్థికి సాకు దొరకదా అని అధ్యాపకులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దిద్దుకోవడం వేరు, తప్పించుకోవడం వేరు. తప్పించుకొనేవాడు పాత లక్ష్యాన్ని చెరిపేస్తాడు. దిద్దుకొనేవాడు దానిని ఉంచి, దాని ప్రక్కన కారణం వ్రాస్తాడు. కనుక మేము సూచించేవి ఇవి:

మొదటిది, ఫారంలో పాత లక్ష్యం, క్రొత్త లక్ష్యం, ఎవరి మాట విని మార్చుకొన్నాడో తెలిపే వివరం, ఈ మూడింటికీ చోటుండాలి. రెండవది, ఆరవ వారంలోను, సంవత్సరం మధ్యలోను అధ్యాపకుడు విద్యార్థితో కూర్చుండాలి. అప్పుడు "ఎంత చేశావు?" అని గాక "ఏమి విన్నావు?" అని మొదట అడగాలి. మూడవది, నోల్స్ చెప్పిన సలహాదారులలో ఆ బస్తీవారు కనీసం ఒకరు ఉండాలి. నాలుగవది, లక్ష్యం నెరవేరినందుకు మాత్రమే గాక, సరియైన కారణంతో దిద్దుకొన్నందుకు కూడా మార్కులుండాలి. ఐదవది, మొదటి సంవత్సరం వారికి లక్ష్యాలు వ్రాయడం నేర్పాలి. నేర్పకుండా స్వేచ్ఛ ఇవ్వడం భారం మోపడమే.

ముగింపు

ఈ విద్యార్థి రేపు సంఘకాపరి అవుతాడు. తన గురిని జనం మాట వెలుగులో పరీక్షించుకొనే అలవాటు సెమినరీలో కలుగకపోతే, సంఘంలో కలుగుట కష్టం. సంవత్సర ప్రణాళికను పులుపిటి మీద నుండి ప్రకటించి, సంవత్సరాంతంలో లెక్కలు చదివే కాపరిని మనమే తయారు చేసినవారమౌతాము. పాతబస్తీ వంటి చోట దాని వెల మరీ ఎక్కువ. అక్కడ వినకుండా మాట్లాడినవాని వెనుక వచ్చేవారికి తలుపు తెరచుకొనదు. కనుక వచ్చే విద్యా సంవత్సరానికి ఫారాలు అచ్చు వేయించకముందే, వాటిలో సవరణకు ఒక గడి చేర్చవలెనని మా మనవి.