ముందేది, వెనకేది?

తాగుడుకు బానిసైన మనిషి డాక్టరు ముందు కూర్చుని నిద్ర పట్టడం లేదంటాడు, బతకాలని లేదంటాడు. దిగులు వల్ల తాగుతున్నాడా, తాగడం వల్ల దిగులు పుట్టిందా? అతనికీ తెలియదు, ఇంట్లోవాళ్లకీ తెలియదు. అమెరికన్ మానసిక వైద్యుడు మార్క్ షకిట్ దశాబ్దాలుగా చేసిన పరిశోధనంతా ఇలాంటి చిక్కుముడులు విప్పడానికే. ఎవరిని, ఏ సమయంలో కొలిస్తే నిజం తేలుతుందో పసిగట్టడంలోనే ఆయన పనితనం ఉంది.

తాగుడు పుట్టుకతో వస్తుందా, ఇంటి వాతావరణం వల్ల అబ్బుతుందా? మామూలు కుటుంబంలో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. అందుకే తోటి పరిశోధకులు డొనాల్డ్ గుడ్విన్, జార్జ్ వినోకర్‌లతో కలిసి ఆయన తల్లిదండ్రుల్లో ఒకరు మాత్రమే ఉమ్మడిగా ఉన్న తోబుట్టువులను ఎంచుకున్నారు. 1972లో వచ్చిన ఆ అధ్యయనంలో, తాగుబోతు పెంపకంలో పెరగడం కన్నా తాగుబోతుకు పుట్టడమే ఎక్కువ ప్రభావం చూపింది.

పుట్టుకతో వచ్చేది ఏమిటన్నది తర్వాతి ప్రశ్న. వ్యసనం ముదిరాక పరీక్షిస్తే ఏది కారణమో, ఏది మద్యం చేసిన చెరుపో తెలియదు. అందుకని 1978లో శాన్ డియాగోలో, ఇంకా వ్యసనంలో పడని సుమారు 20 ఏళ్ల ప్రాయపు యువకులతో మొదలుపెట్టారు. మొత్తం 453 మంది. దాదాపు సగం మంది తాగుడు వ్యసనమున్న తండ్రుల కొడుకులు. మిగతావారిని తాగే అలవాటులో, ఇతర వివరాల్లో వీళ్లకు సరితూగేలా ఏరుకున్నారు. బరువును బట్టి మద్యం ఇచ్చి, ఎంత మత్తుగా ఉందని అడిగారు. నిలబడితే ఒళ్లు ఎంత ఊగుతోందో కొలిచారు. కార్టిసాల్ వంటి హార్మోన్లు చూశారు. రక్తంలో మద్యం పాళ్లు ఇరువర్గాల్లో ఒకేలా ఉన్నా, మత్తు తక్కువగా ఎక్కినవాళ్లు రెండో వర్గంలో కన్నా తాగుబోతుల కొడుకుల్లోనే ఎక్కువగా కనిపించారు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎదురుచూశారు. అదే మనుషుల్ని వెతికి పట్టుకుని మళ్లీ కలిశారు. 1994లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, తాగుబోతుల కొడుకుల్లో మత్తు అతి తక్కువగా ఎక్కినవారిలో 56 శాతం మంది వ్యసనపరులయ్యారు. బాగా ఎక్కినవారిలో ఆ సంఖ్య 14 శాతమే. ఎంత తాగినా తూలడని మన ఊళ్లలో మెచ్చుకుంటారే, ఆ గుణమే ప్రమాద సూచిక అన్నమాట. శరీరం ఇక చాలని చెప్పదు కాబట్టి గ్లాసులు పెరుగుతాయి, అలా తాగేవాళ్లతోనే స్నేహాలు కుదురుతాయి. అయితే అది తలరాత కాదు. ముందే తెలిస్తే జాగ్రత్తపడవచ్చు. 1978లో మొదలైన ఈ అధ్యయనం తొలుత మగవాళ్లకే పరిమితమైనా, తర్వాత వాళ్ల పిల్లల దాకా సాగింది.

దిగులు ప్రశ్ననూ ఆయన కాలంతోనే తేల్చారు. పరిశోధకురాలు శాండ్రా బ్రౌన్‌తో కలిసి, చికిత్సకు చేరిన 191 మంది మగవాళ్లను వారం వారం గమనించారు. చేరినప్పుడు 42 శాతం మందిలో డిప్రెషన్ తీవ్రంగా ఉంది. మద్యం ముట్టకుండా నాలుగు వారాలు గడిచేసరికి 6 శాతం మందిలోనే మిగిలింది. 1988లో వెలువడిన ఈ ఫలితం వైద్యులకు రెండు పనులు అప్పగించింది. తాగడం మానేస్తే చాలామందికి దిగులు తగ్గుతుందని ధైర్యం చెప్పాలి. మిగిలిన కొద్దిమందికి డిప్రెషన్ విడిగా ఉన్న జబ్బని గుర్తించి, దానికి వేరే చికిత్స చేయాలి. ఆత్మహత్య ఆలోచనలుంటే మాత్రం కారణం తేలేదాకా ఆగకుండా వెంటనే కాపాడాలి. రోగ నిర్ధారణ పద్ధతుల రూపకల్పనలోనూ షకిట్ పాత్ర ఉంది: అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం నాలుగో కూర్పులో మత్తుపదార్థాల విభాగానికి ఆయనే సారథ్యం వహించారు.

ఈ పనితనం మన ఇళ్లకూ అక్కరకొస్తుంది. తాగే మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు రెండు సంగతులు గుర్తుచేసుకుని వెళ్లండి: తాగుడు ముదరక ముందు దిగులుండేదా? మానేసి ఉన్న రోజుల్లో ఎలా ఉన్నాడు? ఆ జవాబులు డాక్టరుకు సరైన చికిత్స ఎంచుకోవడానికి ఎంతో ఉపయోగపడతాయి.